పక్కింటి సోఫా

మొగుడనేవాడు ఇల్లు సర్దుతానని నడుం కట్టాడంటే, పెళ్ళాం ఇంట్లో లేదనైనా అర్థం, కొంప మునగబోతోందనైనా అర్థం. ఆ బుధవారం మన లిఫ్టు మెకానిక్కు విషయంలో రెండూ నిజమయ్యాయి.

సంగతేమిటంటే, ఆ మొగుడూ పెళ్ళాలు ఒక ఇల్లు కొనుక్కుందామనుకున్నారు. పెద్దదేం కాదు. మూడో అంతస్తులో రెండు గదులు, కిటికీ తీస్తే ఎదురుగా బస్సు డిపో. అయినా సొంతం! ఆరేళ్ళలో నాలుగు అద్దె ఇళ్ళు మారినవాళ్ళకి ఆ ఒక్క మాట చాలు. మెకానిక్కు జీతం చూసి రెండు బ్యాంకులు "చూద్దాం లెండి" అని పంపించేశాయి. మూడో బ్యాంకులో మేనేజరమ్మ మాత్రం కాగితాలు తిరగేసి, "మీ ఆవిడ ఇంట్లో కుట్టుపని చేస్తారన్నారుగా, ఆ ఆదాయం కూడా కలిపితే లోను రావచ్చు. మా మనిషి వచ్చి పని చూసి వెళ్తాడు" అంది. ఇల్లు అమ్మేవాళ్ళు శనివారం దాకానే ఆగుతామన్నారు. ఇక ఉన్న ఆశల్లా ఇదొక్కటే.

బ్యాంకు మనిషి నాలుగింటికి వస్తానన్నాడు. పెళ్ళాం కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి మధ్యాహ్నమే బయలుదేరింది. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మొగుడు గదినొకసారి కలయజూశాడు. మధ్యలో కుట్టు మిషను, నేలంతా గుడ్డముక్కలు, దారప్పోగులు, కుర్చీల మీద సగం కుట్టిన గౌన్లు, తలుపుకి వేలాడుతున్న తెల్లకోట్లు. ఛీ ఛీ, వచ్చేవాడు చూస్తే ఏమనుకుంటాడు! ఇంత చిందరవందర కొంపకి అప్పెవడిస్తాడు!

అంతే. మిషను ఎత్తుకెళ్ళి పక్కింటి రిటైరు మాస్టారింట్లో పెట్టాడు. బట్టలూ, కొలతల పుస్తకాలూ అన్నీ మూటలు కట్టి అటే చేరవేశాడు. మాస్టారూ తనూ చెరోవైపు పట్టుకుని వాళ్ళ సోఫా తెచ్చి ఆ ఖాళీలో వేశారు. గుడ్డముక్క అన్నది మచ్చుకైనా లేకుండా నేల తుడిచి, మనవాడు చంకలు గుద్దుకున్నాడు.

బ్యాంకు మనిషి మూడున్నరకే దిగబడ్డాడు. బక్కపల్చటి మనిషి, చంకలో ఫైలు. సోఫాలో కూర్చుని నాలుగు మూలలూ చూశాడు.

"ఇల్లు బాగా పెట్టుకున్నారండీ."

"ఏదోనండీ," అని మెకానిక్కు మెలికలు తిరిగాడు.

"సరే, కుట్టుపని ఎక్కడ చేస్తారు?"

అప్పుడు గానీ మనవాడికి వెలగలేదు. సోఫా వైపు వేలు చూపించాడు.

"ఇక్కడేనండీ."

"ఇక్కడంటే?"

"అంటే... మీరు కూర్చున్న చోటేనండీ."

ఆయన లేచి సోఫా వెనక తొంగిచూశాడు. పాపం, ఇంకెక్కడ చూస్తాడు! "మరి మిషనేదీ?"

"పక్కింట్లో ఉందండీ. క్షణంలో తెచ్చేస్తాను!"

"పక్కింట్లోంచి తెచ్చి చూపిస్తారన్నమాట," అని ఆయన కలం తీశాడు. "ఇలాంటివి చాలా చూశాం లెండి."

"అయ్యో, మిషను మాదేనండీ బాబూ! సోఫానే పక్కింటిది!"

దాంతో ఆయనకున్న కాస్త నమ్మకమూ పోయింది. 'ఇంట్లో పని జరుగుతున్నట్టు కనబడలేదు' అని రాసుకోవడం మొదలుపెట్టాడు. రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయి జనం గోల పెడుతున్నా చెమట పట్టని మెకానిక్కుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నా చేతులతో నేనే చెడగొట్టుకున్నాను, దానికి మొహం ఎలా చూపించనురా దేవుడా అని లోలోపల ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఒక గొంతు లేచింది.

"నీకు దణ్ణం పెడతానమ్మా, ఇంకెన్నిసార్లు తిప్పుతావు? సోమవారమన్నావు, మంగళవారమన్నావు. మా వార్డులో తొమ్మిదిమంది నర్సులు పాతకోట్లతో తిరుగుతున్నారు, నీ పుణ్యమా అని!"

ఆవిడ ఆస్పత్రి హెడ్ నర్సు. మనిషి ఎంతో గొంతూ అంతే. ఆవిడ ముందు తలొంచుకుని ఖాళీ సంచీతో లోపలికొచ్చిన పెళ్ళాం, గది చూసి బిక్కచచ్చిపోయింది.

"ఏవండీ, నా మిషనేదీ? కోట్లేవీ? దొంగలు పడ్డారా?"

"నేనే... సర్దాను."

"సర్దారా!" ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పని చూడ్డానికి మనిషొస్తుంటే ఆ పనే దాచేస్తారటండీ ఎవరైనా!"

బ్యాంకు మనిషి కలం ఆగింది. ఆయన నర్సు వైపు తిరిగాడు. "ఇక్కడ ఎన్నాళ్ళనుంచి కుట్టిస్తున్నారమ్మా?"

"నాలుగేళ్ళు! పని బంగారం, చెప్పిన రోజుకి ఇవ్వడమే చేతకాదు. నా నడుం కొలత మా ఆయనకే తెలీదు, ఈ పిల్ల పుస్తకంలో ఉంటుంది. ఏడాదికేడాది ఎంత పెరిగిందో కూడా రాసిపెట్టింది, దిక్కుమాలింది. కావాలంటే చూసుకోండి. నా పేజీ మాత్రం వద్దు!"

మాస్టారింట్లోంచి మూటలొచ్చాయి, మిషనొచ్చింది, కొలతల పుస్తకాలూ వచ్చాయి, మొత్తం పదకొండు. ఒక్కో పేరు కింద కొలతలు, తేదీ, పుచ్చుకున్న డబ్బు. ఆయన గంటసేపు తిరగేశాడు, పేజీలకి ఫొటోలు తీసుకున్నాడు. ఔననీ కాదనీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనుకున్నాడు మెకానిక్కు.

శుక్రవారం పొద్దున ఫోను మోగింది. మేనేజరమ్మ! గబగబా స్పీకరు నొక్కాడు.

"మీ లోను మంజూరైందండీ. రేపు పదింటికి ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టండి."

హమ్మయ్య! బతుకు జీవుడా అని మెకానిక్కు గోడకి చేరగిలబడ్డాడు. పెళ్ళాం చేతుల్లో మొహం దాచుకుని బావురుమంది.

"ఒక చిన్న మార్పుంది," అంది మేనేజరమ్మ. "దరఖాస్తులో మీ పేరు ముందు రాశారు. మేం లెక్క చూస్తే మీ ఆవిడ ఆదాయం మీకంటే ఎక్కువ తేలింది. అందుకని ఆవిడ పేరు ముందు పెట్టి, మీది తర్వాత పెడుతున్నాం. మీకేమైనా అభ్యంతరమా?"

ఆమె ఏడుపు ఆపి తలెత్తింది. ఇన్నేళ్ళూ రాసుకుంటూ పోయిందే గానీ ఎప్పుడూ మొత్తం కూడి చూసుకోలేదు. మొగుడైతే ఆ పుస్తకాలు తెరిచిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే, ఏదో కాలక్షేపానికి కుడుతుందండీ అనేవాడు. ఇప్పుడు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"నాకా, అభ్యంతరమా?" అన్నాడు. "ముందు పెట్టండమ్మా. పెద్దక్షరాలతో పెట్టండి."

ఫోను పెట్టేశాక ఆమె కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి తనంతట తాను నోరు విప్పింది.

"ఏవండీ, నిజంగా నాదే ఎక్కువంటారా?"

"నీదే."

"ఏదీ, ఇంకోసారి చెప్పండి."

"నీదే ఎక్కువ, తల్లీ!"

మూడోసారి కూడా చెప్పించుకుని గానీ వదల్లేదు.