గొట్టంలో చీలిక

అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కొండదారిలో పాత డీజిల్ జీపు నల్లపొగ కక్కుతూ నత్తనడక నడిచింది. పైకి చేరేలోపే ఆమె ప్రాణం పోయింది. రెండు వారాల తర్వాత కొడుకు జీపును షెడ్డుకు తెచ్చాడు.

మెకానిక్ ఇంజన్ రేజ్ చేయించి, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం కింద చెయ్యి పెట్టాడు.

"బండికి ఆయాసమండీ!" అని నవ్వాడు. "గోరంత చీలిక, గాలంతా ఇక్కడే పోతోంది. చదునులో తెలీదు, ఎత్తులోనే బయటపడుతుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట పని."

కొడుకు తలూపాడు. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు, రాలేదు.

గొట్టం మార్చాక అదే కొండకు తోలాడు. జీపు మూడో గేరులోనే సునాయాసంగా ఎక్కేసింది. పైన ఆపి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"బాగైందా అన్నయ్యా?"

"బాగా లాగుతోందమ్మా."

ఆ తర్వాత కూడా ఫోన్ ఎవరూ పెట్టెయ్యలేదు.