ప్రసారం కాని ఎపిసోడ్

“ఇవాళ ఏమైంది?”

పద్నాలుగేళ్ళుగా గుమ్మంలోకి వస్తూనే ఆయన అడిగే మొదటి మాట ఇది. కొత్తలో నన్నే అడుగుతున్నారనుకొని చెప్పేదాన్ని. మధ్యాహ్నం దాకా కుళాయి రాలేదనీ, ఇస్త్రీపెట్టె తగిలి మణికట్టు కాలిందనీ, అత్తయ్య అలిగి అన్నం తినలేదనీ వరసపెట్టి చెప్పేదాన్ని. ఆయన బూట్లు విప్పుకుంటూ, “అబ్బ, నీ సంగతి కాదోయ్. సీరియల్లో ఏమైంది?” అనేవారు. తర్వాత తర్వాత నాకే అలవాటైపోయింది. నా సంగతి మింగేసి సీరియల్ సంగతి కక్కడం నేర్చుకున్నాను.

ఆయన పత్రికలో ఆదివారం ఆదివారం ‘మా ఇంటి టీవీ’ అనే శీర్షిక రాస్తారు. సీరియళ్ళ మీద, ప్రకటనల మీద, పాటల పోటీల మీద, ఇంట్లో మనుషుల మీద చమత్కారంగా నాలుగు మాటలు. పెద్ద పేరు. విచిత్రమేమిటంటే ఆయన టీవీ చూడరు. టీవీ చూస్తే బుర్ర మొద్దుబారిపోతుందట. ఆ బారేదేదో నాది బారితే ఇబ్బంది లేదు కాబట్టి నేను చూస్తాను. ఉత్తినే కూర్చుని చూస్తానా? కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, అత్తయ్య కాళ్ళకు మందు రాస్తూ చూస్తాను. కుక్కర్ కూత వేసినప్పుడు మాటలు వినపడకపోతే పెదాలు చూసి పోల్చుకుంటాను. సాయంత్రం ఆయన కుర్చీ నావైపు తిప్పుకుని కూర్చుంటే మొత్తం అప్పజెబుతాను. ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తూ పైకి చెబుతుంటే నా ఫోన్లో నేనే టైపు చేసి పత్రికకు పంపుతాను. చూసేది నేను, చెప్పేది నేను, కొట్టేది నేను. ఫోటో మాత్రం ఆయనది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒకసారి ఉల్లిపాయలు తరుగుతూ అన్నాను: “ఈ సీరియళ్ళ ఇళ్ళల్లో ఇరవైమంది తింటారు కదండీ, ఆ గిన్నెలు ఎవరు తోముతారో ఒక్కనాడైనా చూపించారా?” ఆయన ఠక్కున ఆగి, “ఏదీ, మళ్ళీ అను” అన్నారు. ఆ ఆదివారం ఆ మాట పత్రికలో పెద్దక్షరాల్లో వచ్చింది. తనకే తోచినట్టు. నేనూ ఉన్నాను అందులో. మూడు రుమాళ్ళు తడిపి టీవీ ముందు ముక్కు చీదే ఇల్లాలిగా. మహిళా సంఘం వాళ్ళు ఆయన్ని పిలిచి, ఆడవాళ్ళ కష్టం తెలిసిన మగవాడని దండ వేశారు. ఆయన ఇంటికొచ్చి దండ కుర్చీ మీద వేసి, అన్నం తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ కంచం తోముతూ నాకు నవ్వొచ్చింది. “ఏమ్మాయ్, పిచ్చి గానీ పట్టిందా?” అన్నారు అత్తయ్య. “లేదత్తయ్యా, గిన్నెలు ఎవరు తోముతారో చూపిస్తున్నా” అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. అర్థమైతే మాత్రం చేసేదేముంది?

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఎందుకో చెబితే నవ్వుతారు. రోజు మొత్తం మీద ఆయన నావైపు కుర్చీ తిప్పేది ఆ అరగంటే. “ఆఁ, తర్వాత?” అని ఈ లోకంలో నన్ను అడిగే మనిషి ఆయనొక్కరే. అది నాకోసం కాదని తెలుసు. తెలిసీ ఆ అరగంట కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని.

కిందటి నెలలో ఒకరోజు ఏదో మ్యాచ్ సాగి సాగి సీరియల్ వెయ్యలేదు. అత్తయ్య జాకెట్టు కొలతలకని పైవాటాలో టైలరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆయనకు ఆటలు పట్టవు, బంతి గుండ్రంగా ఉంటుందని తెలుసు, అంతే. గుమ్మంలోకి వస్తూనే మామూలుగా, “ఇవాళ ఏమైంది?” అన్నారు. కుర్చీ తిప్పుకున్నారు.

ఇవాళ రాలేదండీ అని చెప్పబోయాను. చెబితే ఆ కుర్చీ మళ్ళీ అటు తిరిగిపోతుంది. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

“పెద్ద కోడలికి ఏడో నెల్లో నొప్పులొచ్చాయండీ.”

“అదేమిటి, నిన్నటిదాకా దానికి కడుపే లేదుగా?”

“నెలలు దూకించేశారు.”

“దూకిస్తారు, వాళ్ళకేం పోయింది! ఆఁ, తర్వాత?”

చెప్పాను. పదకొండేళ్ళ కిందట నాకు జరిగింది జరిగినట్టు, పెద్ద కోడలి పేరు మీద చెప్పాను. మొగుడికి ఫోన్ చేస్తే, “దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా” అన్నాడని చెప్పాను. ఆ తర్వాత ఫోన్ పలకలేదనీ, అత్తగారు ఊళ్ళో లేరనీ, మేడమీద కుట్టుపనిచేసే ఆవిడ ఆసుపత్రికి తీసుకెళ్ళిందనీ, కాగితాల మీద భర్త సంతకం చెయ్యాల్సిన చోట ఆ అమ్మాయే సంతకం చేసుకుందనీ చెప్పాను. ఆడపిల్ల. ఏడ్వలేదు. తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. ఎత్తుకోవడానికి మనిషి లేక కుట్టుపని ఆవిడే ఎత్తుకుంది. వార్డులో గోడకు టీవీ ఉంది. గొంతు నొక్కేసి బొమ్మ మాత్రం ఆడుతోంది. ఏదో అవార్డుల సభ, అప్పటికప్పుడు చూపిస్తున్నారు. కెమెరా రెండో వరసలోకి తిరిగింది. అక్కడ మొగుడు కూర్చుని ఉన్నాడు. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు.

“మర్నాడొచ్చి, బండి దారిలో చెడిపోయింది, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది అన్నాడండీ. ఆ అమ్మాయి సరేనంది. టీవీలో చూశానని చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదట?”

ఆ ప్రశ్న ఆయన నోట వస్తుందనుకోలేదు. “చెబితే ఇంకో అబద్ధం ఆడతాడు. అప్పుడు రెండు మొయ్యాలి” అన్నాను.

ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు గుర్తుకొస్తుంది, ఇప్పుడు కళ్ళు దించుకుంటారు అనుకున్నాను. క్షమాపణ కూడా అక్కర్లేదు. “అది మనదే కదూ” అని ఒక్క ముక్క అంటే చాలు, పదకొండేళ్ళదీ ఆ పూటే వదిలేసేదాన్ని. బల్ల కింద నా చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఆయన తొడ చరిచి పెద్దగా నవ్వారు.

“బాగుందోయ్! పిల్ల పోయిన వార్డులో టీవీ, ఆ టీవీలో మొగుడు! ఈ రాసేవాళ్ళకు బుర్ర మోకాల్లో ఉంటుంది. ఈ వారానికి గొప్ప సరుకు దొరికింది. ఫోన్ తీయి, చెబుతా.”

నడుస్తూ చెప్పారు. టైపు చేశాను. ఆడవాళ్ళ కన్నీళ్ళ కోసం మగాణ్ణి రాక్షసుణ్ణి చేస్తున్నారట. కన్నబిడ్డ పోతుంటే సభలో చప్పట్లు కొట్టేవాడు మన ఇళ్ళల్లో ఉంటాడా అట. చివర్న, “ఇలాంటి భర్త ఎక్కడా లేడు, ఉండడు” అన్నారు. అక్కడ నా వేలు ఆగిపోయింది.

“ఏం, ఆగావే?”

“ఏం లేదండీ. ‘ఉండడు’ కూడా కొట్టమంటారా?”

“కొట్టు. అదే కదా అసలు దెబ్బ!”

కొట్టాను. పంపాను. పిల్ల పోయిన రోజున కూడా నాకింత ఒంటరిగా అనిపించలేదు. ఆవేళ ఆయన రాలేదు, అంతే. ఈ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని, మొదటినుంచి చివరిదాకా విని కూడా, ఆ వార్డుకు రెండోసారి రాలేదు. అబద్ధం చెప్పినవాడు కనీసం ఆ అబద్ధాన్నైనా గుర్తుపెట్టుకుంటాడనుకున్నాను. పదకొండేళ్ళు దాన్ని ఇద్దరం చెరో కొసా పట్టుకుని మోస్తున్నామని భ్రమపడ్డాను. ఆయన కొస ఎప్పుడో కింద పడేశారు.

ఆదివారం అచ్చయింది. సోమవారం మధ్యాహ్నానికే పత్రికకు ఫోన్ల మీద ఫోన్లు. ఆ రోజు సీరియలే రాలేదు, మీ రచయిత ఏం చూసి రాశారని. వ్యాసాలు నా నంబరు నుంచి వెళ్తాయి కాబట్టి సబ్ఎడిటరమ్మాయి నాకే చేసింది. “మేడమ్, సార్ ఏదైనా వేరే చానల్ చూశారేమో కనుక్కుంటారా? సాయంత్రంలోగా సవరణ పంపాలి. ఎడిటర్ గారు మండిపడుతున్నారు.”

ఆయన వచ్చారు. ఆవేళ “ఇవాళ ఏమైంది” అని అడగలేదు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు.

“మ్యాచ్ అటగా ఆ రోజు? నా పరువు గంగలో కలిపావు కదే! ఎక్కణ్ణుంచి తెచ్చావా చెత్త?”

హాల్లో అత్తయ్య టీవీ గొంతు తగ్గించి చెవి ఇటు పడేశారు. ఎక్కణ్ణుంచి తెచ్చావు అని అడిగారుగా, చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టారు.

“నువ్వేం చెప్పక్కర్లేదు. బట్టలు మడతపెడుతూ కునుకు తీసుంటావు, కలగనుంటావు. అదే రాద్దాం. నలుగురూ నవ్వుకుంటారు, గొడవ వదిలిపోతుంది. కొట్టు.”

“నిద్రపోలేదండీ నేను.”

“పోయావని రాస్తే నీకేం అరిగిపోతుంది? నీ పేరేమైనా వేస్తున్నారా అందులో?”

“అవునమ్మాయ్, వాడి ఉద్యోగం కదా” అన్నారు అత్తయ్య హాల్లోంచి. “ఆడదానికి కునుకు పట్టడం తప్పేం కాదులే.”

ఫోన్ తీసుకుని కూర్చున్నాను. ఆయన నడుస్తూ చెప్పడం మొదలుపెట్టారు. “గత వారం ఈ శీర్షికలో రాసిన సన్నివేశం ఏ సీరియల్లోనూ రాలేదు.” కొట్టాను. అంతవరకూ నిజమే. “పొరపాటు మా ఇంటి ప్రేక్షకురాలిది. నిద్రమత్తులో...” అంటూ కిటికీ దాకా వెళ్ళి, అక్కడే ఆగి, బయటకు చూస్తూ ఆ నిద్రమత్తును ఇంకెంత కమ్మగా రాయాలా అని ఆలోచిస్తున్నారు. వీపు నావైపు ఉంది. నేను టైపు చేస్తూనే ఉన్నాను. వేళ్ళు ఎక్కడా ఆగలేదు.

“కొట్టావా?”

“కొట్టాను.”

“చివర్న, పాఠకులు పెద్దమనసుతో మన్నించగలరు అని పెట్టి పంపెయ్యి.”

“పంపేశానండీ.”

“అప్పుడేనా? నేనింకా పూర్తిచెయ్యందే?” ఆయన వెనక్కి తిరిగారు. “ఏం పంపావు?”

లేచి నిలబడ్డాను. హాల్లోకి కూడా వినపడేలా, వార్తలు చదివినట్టు, నింపాదిగా చదివాను.

“గత వారం ఈ శీర్షికలో రాసిన సన్నివేశం ఏ సీరియల్లోనూ రాలేదు. పదకొండేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డులో జరిగింది. ఆ టీవీ చూసింది ఈ శీర్షిక రచయిత భార్య. ఆమె నిద్రపోలేదు. ఇలాంటి భర్త ఎక్కడా లేడని అచ్చువేసిన వాక్యం ఒక్కటే తప్పు. దయచేసి సవరించుకోగలరు.”