గీత పూడే దాకా

వాచీలు బాగుచేసే నాన్న కంట్లోకి స్ప్రింగు ముక్క ఎగిరి, నల్లగుడ్డు మీది పొర గీసుకుపోయింది. డాక్టరు మందు వేసి, కట్టు కట్టి, "ఎల్లుండి పొద్దున మీరే విప్పుకోండి, ఈలోగా ముట్టుకోవద్దు" అన్నాడు. వద్దంటే ఆగే మనిషా ఆయన! సాయంత్రానికే కట్టు అంచు ఎత్తి, గోడ గడియారం ముళ్లు కనిపిస్తాయేమోనని చూశాడు. భూతద్దానికి ఆనించేది ఆ కన్నే. అది పోతే పని కూడా పోయినట్టేనని ఆయన భయం.

"ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అన్నారా?" అని కూతురు చివాట్లు పెట్టింది. ప్రతిదానికీ ఎందుకని ఆరా తీస్తుందని ఇంట్లో ఆమెకు ఆరాలమ్మ అని పేరు. జీవకణాలు ఎలా కదులుతాయో చూడటమే ఆమె ఉద్యోగం. "పక్కనున్న కణాలే పాక్కుంటూ వచ్చి ఆ ఖాళీని కప్పుతాయి నాన్నా. నువ్వు రెప్ప ఆడిస్తే వాటిని చెరిపేసినట్టే."

"కాళ్లు లేనివి ఎలా పాకుతాయే?"

"లోపల సన్నటి పోగులు అల్లుకుంటూ ముందువైపు పొరను తోస్తాయి. ఆ అంచు నేలను పట్టుకుంటుంది. అప్పుడు వెనక భాగాన్ని లాక్కుంటాయి."

"చూస్తేగానీ నమ్మను."

మర్నాడు ఆమె ల్యాబులో అలాంటి కణాలే పరుచుకున్న గాజుపళ్లెంలో ఒక గీత గీసి, వెచ్చని పెట్టెలో పెట్టింది. సాయంత్రం నాన్నను అక్కడికి రప్పించి, మైక్రోస్కోపు తెర ముందు కూర్చోబెట్టింది. గీత గీసినట్టే ఉంది. అంచున కణాలన్నీ గుండ్రంగా ముడుచుకుపోయాయి.

"నా కన్నూ ఇంతేనా?" అన్నాడు నాన్న మెల్లగా.

"కాదు నాన్నా, తప్పు నాది. పూడిందో లేదోనని మాటిమాటికీ బయటికి తీసి చూశాను. చలికి ముడుచుకున్నాయి."

"గురివింద గింజకు తన నలుపు తెలియదట. ఆ పెట్టె తాళంచెవి ఇటివ్వు."

పళ్లెం లోపల పెట్టించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తన కట్టు తనే ఇంకాస్త బిగించుకున్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఇద్దరికీ కాలు నిలవలేదు, కానీ ఆయన కట్టు ముట్టలేదు, ఆమె తాళంచెవి అడగలేదు.

పొద్దున్నే నాన్న పళ్లెం బయటికి తీయించి, తెర ముందు కట్టు విప్పి, బాగున్న కన్ను అరచేత్తో మూసుకుని చూశాడు.

"గీత కనిపించడం లేదే."

చూపు పోయిందేమోనని ఆమె గబుక్కున తెర మీదికి వంగింది. అక్కడ గీతే లేదు. కణాలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిండుగా పరుచుకున్నాయి.

"ఆ మూలన ఒక్కటి మాత్రం గుండ్రంగా ఉందే," అన్నాడు నాన్న, చెయ్యి తియ్యకుండానే. "ఎందుకు?"