బిళ్ళని ఆగనివ్వకూడదు

పొద్దున్నే రేవులో వేలం అయ్యాక వీరవేణి చేసే మొదటి పని, కొన్న చేపల గంప తెచ్చి అత్తగారి మంచం కింద, బిళ్ళ తొట్టి పక్కన పెట్టడం. ఆ తర్వాత తీరిగ్గా పళ్ళు తోముకునేది. టీ పెట్టుకునేది. పక్కింటోళ్ళతో నిన్నటి గొడవేమన్నా మిగిలుంటే అదీ పూర్తి చేసుకునేది. నరసాపురం రేవులో మిగతా ఆడాళ్ళంతా ఐసు కోసం తోసుకుంటుంటే ఈవిడ తాపీగా తొమ్మిదింటి పాలకొల్లు బస్సెక్కేది. గంపలో చందువలు అప్పుడే వలలోంచి తీసినట్టుండేవి.

బిళ్ళ అంటే తాబేలు. మన చెరువుల్లో తిరిగే రకం కాదు. కళ్ళ వెనకాల ఎర్ర గీత ఉంటుంది. అమ్మినవాడు సింగపూర్ తాబేలన్నాడు. వీరవేణి కొడుకు ఉదయ్‌కుమార్ మద్రాసు హార్బర్లో పనికని వెళ్ళి, తొమ్మిదో రోజుకే తిరిగొచ్చేసినప్పుడు టిఫిను డబ్బాలో వేసుకొచ్చాడు. అప్పుడది రూపాయి బిళ్ళంత ఉంది. ఇప్పుడు టీ సాసరంత అయింది.

దాని పక్కన ఏదీ తొందరగా అవ్వదు. రైల్లో తెచ్చినంతసేపూ ఏం లేదు. ఇంట్లో తొట్టిలో కదలకుండా పడుకున్నాకే, గుంటలో వాననీళ్ళు చేరినట్టు, దాని చుట్టూ నిదానం చేరడం మొదలెట్టింది. సాయంత్రానికి గోడ గడియారం పావుగంట వెనకబడింది. ఇక అక్కణ్ణించి దాని దగ్గర పాలు విరగవు, పెరుగు తోడుకోదు, మల్లెపూలు వాడవు. పేటలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. "ఈ పిండి కాస్త మీ తాబేలు దగ్గర పెట్టు పిన్నీ, పులిసిపోతోంది" అని గిన్నె ఇచ్చి పోయేవాళ్ళు. ఎవరన్నా టైమడిగితే వీరవేణి, "బిళ్ళ టైమా, బయట టైమా?" అనేది.

పాపాయమ్మ మంచం అక్కడే ఉండడానికి కారణం కూడా అదే. గుండె పెద్దదైపోయింది, ఇంక పది రోజులు అని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పి పంపేసి రెండేళ్ళయింది. ఆ పది రోజులు ఇంకా అవ్వలేదు. మాటా తిండీ అందరిలాగే నడిచేవి. జబ్బొక్కటే పాకుతూ ఉండేది.

"ఆరు గడిచాయి. నాలుగున్నాయి" అనేది పాపాయమ్మ.

"నీకెలా తెలుసు మామ్మా?" అనేవాడు ఉదయ్ గుమ్మంలోంచే.

"నా గుండెరా. నాకు కాక బస్టాండులో కండక్టరుకి తెలుస్తుందా?"

ఆ గదిలో ఉండలేనిది ఒక్క ఉదయే. బిళ్ళ పక్కన రెండు నిమిషాలు కూర్చుంటే వాడికి అరికాళ్ళు దురదలెత్తేవి. పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో మానేశాడు. ఐసు ఫ్యాక్టరీ, సెల్‌ఫోన్ల కొట్టు, లారీ మీద క్లీనరు, ఎక్కడా పదో రోజు చూడలేదు. "వీడి కాళ్ళెవరివో గానీ నా కడుపున పుట్టినవి కావు" అని వీరవేణి తిడితే, "నావేలే" అనేది పాపాయమ్మ మంచం మీంచి.

సునామీ వచ్చిన తర్వాతేడు ఆగస్టులో వాడు ఊరి చివర రాజుగారి రొయ్యల చెరువు మీద పనికి కుదిరాడు. ఎనిమిదో రోజు ముసురు పట్టింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు ఎంత తిప్పినా అందుకోలేదు. నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి. గాలందక రొయ్యలు పైకి తేలి గట్టుకి కొట్టుకొస్తున్నాయి. ఇంకో గంట ఇలాగే ఉంటే చెరువు మొత్తం పోతుంది.

ఉదయ్‌కి ఆలోచన వచ్చిందంటే కాళ్ళకే ముందు వస్తుంది. సైకిలేసుకుని ఇంటికెళ్ళాడు. మామ్మ నిద్రపోతోంది. మంచం కింద నుంచి బిళ్ళని తీసుకొచ్చి, నీళ్ళలోకి దిగి, చెరువు మధ్యలో ఏరియేటరు తెప్ప మీద కూర్చోబెట్టాడు. నిదానం నీళ్ళలో అయితే ఇంకా దూరం పారుతుందని వాడి లెక్క. లెక్క తప్పలేదు. కాసేపటికి రొయ్యల కొట్టుకోవడం తగ్గింది. చావడం కూడా వాయిదా వేసుకున్నట్టు ఊరికే తేలుతూ ఉన్నాయి.

కరెంటు పోగానే స్టార్టరు కట్టెయ్యాలి. ఏ చెరువు మీదైనా మొదటి రోజు చెప్పేదదే. వాడు కట్టలేదు.

కరెంటొచ్చింది. రెక్కలు ఒక్కసారి తిరిగాయి. బిళ్ళ గట్టు మీదకొచ్చి పడింది. డిప్ప వెనక అంచు నుంచి నడిమి దాకా పగిలిపోయింది. పగుల్లోంచి లోపలి మాంసం ఊపిరికి కదులుతూ కనిపించింది.

రొయ్యలు బతికాయి. ఉదయ్ రాజుగారికి చెప్పను కూడా చెప్పకుండా, బిళ్ళని తువ్వాల్లో చుట్టి హ్యాండిలుకి కట్టుకుని పాలకొల్లు పశువుల ఆసుపత్రికి తొక్కాడు. దారిలో చూస్తే నెత్తురు గడ్డకడుతోంది. హమ్మయ్య అనుకున్నాడు. ఆసుపత్రిలో ముందు నాలుగు గేదెలున్నాయి. బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాడు. మళ్ళీ విప్పి చూస్తే గడ్డకట్టడం సగంలోనే ఆగిపోయి, గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

డాక్టరు అమ్మిరాజు గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

"ఏంటి బాబూ ఇది? కాలవలో దొరికిందా?"

"కాదండి, మాదేనండి. సింగపూర్‌దండి."

"నేను గేదెల డాక్టర్నయ్యా. సింగపూర్ వాళ్ళెవరూ నా దగ్గరికి రారు. దెబ్బెప్పుడు తగిలింది?"

"రెండింటికండి."

"ఇప్పుడు ఐదున్నర. నెత్తురు చూస్తే గంట కూడా అయినట్టు లేదే?"

అప్పుడే బయట నుంచి కాంపౌండరు కేకేశాడు. "డాక్టరు గారూ, ఈ గేదె ఈనట్లేదండి! దూడ కాళ్ళు రెండూ బయటికొచ్చి గంట నుంచి అలాగే ఉండిపోయాయండి!"

అమ్మిరాజు గారు తన వాచీ చూసుకున్నారు. గోడ మీద గడియారం చూశారు. ఆ తర్వాత బిళ్ళని చూశారు.

"ముందు దీన్ని పట్టుకుని బయట నడువు. గుండ్రంగా తిరుగు. ఆగకు."

ఉదయ్ ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. మూడో చుట్టులో గేదె ఈనింది. అయిదో చుట్టుకి గాయం మీద పల్చగా పొర కట్టింది.

"చూశావా? ఇది నిలబడితే మందూ నిలబడిపోద్ది. చీముకి మాత్రం ఆ మర్యాద లేదు, దాని పని అది చేసుకుపోద్ది. పుండు ఆరాలంటే నువ్వు దీన్ని ఆగనివ్వకూడదు. నాలుగు రోజులు. నీళ్ళలో వెయ్యకు. ఎండా గాలీ తగలాలి. రోజూ ఇంజక్షనుకి తీసుకురా. నాలుగో రోజుకి లోపల ఎండితే పైన ఫైబరు వేయిద్దాం."

"పడవలకేసే ఫైబరాండి?"

"అదే. పుస్తకంలో ఉంది. నేనెప్పుడూ వెయ్యలేదు. మీ రేవులో వేసేవాళ్ళుంటారు కదా?"

"ఏసురాజు బాబాయ్ ఉన్నాడండి."

"ఇంకేం మరి. ఆయన చేతి వాటం, నా మందు, నీ కాళ్ళు."

కాళ్ళ గురించి ఎవరన్నా మంచిగా మాట్లాడడం వాడు వినడం అదే మొదలు. ఆ హుషారుతోనే సగం దారి వచ్చాడు. మిగతా సగంలో మంచం గుర్తొచ్చింది. నాలుగు రోజులు బిళ్ళ తిరుగుతూ ఉంటే, మంచం కింద ఏముంటుంది?

ఇంటి దగ్గర గడియారం అప్పటికే మామూలు వేగంతో నడుస్తోంది. పాపాయమ్మ ఆయాసపడుతోంది. ఉదయ్ సైకిలు స్టాండెయ్యకుండా, తువ్వాలు చేత్తో ఊపుతూనే అంతా చెప్పాడు.

వీరవేణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "తెచ్చి అక్కడ పెట్టు."

"చచ్చిపోద్దమ్మా."

"దాన్ని ఆపితే అది పోద్ది. తిప్పితే ఈవిడ పోద్ది. నువ్వే చెప్పరా, ఎవర్ని ఉంచుదాం? నా గంప సంగతి వదిలెయ్, ఐసు కొనుక్కుంటాను. మీ నాన్న విశాఖపట్నం బోటు దిగి వచ్చి మా అమ్మేదే అంటే, తాబేలుకి బాగాలేదండి అని చెప్పనా?"

ఉదయ్ మంచంకేసి చూశాడు. చెయ్యి మాత్రం ఊపుతూనే ఉన్నాడు.

"ఏవే వీరవేణీ" అంది పాపాయమ్మ. "ఈ మంచమ్మీద రెండేళ్ళు నన్ను ఊరగాయ పెట్టారు. ఒక్క మాటన్నానా?"

"అదేంటత్తా?"

"పెళ్ళిలో పీటల మీద కూర్చోబెడితే మధ్యలో లేచెళ్ళి మా వలలు ఎత్తారో లేదో చూసొచ్చినదాన్నే నేను. మీ మామ ముహూర్తం దాటిపోతోందని ఏడ్చాడు. నరసాపురం నుంచి పాలకొల్లు నెత్తిన గంపెట్టుకుని నడిచెళ్ళి, బేరం అయ్యేలోపు కాళ్ళాగక బజారంతా రెండు చుట్లు తిరిగొచ్చేదాన్ని. అలాంటిదాన్ని పెరుగుగిన్నె పక్కన పెట్టారు. సర్లే, మీ ప్రేమ. ఇప్పుడు దాన్ని తిప్పాలంట కదా. నన్నూ ఎక్కించండి."

"ఎక్కడికి?"

"అదెక్కడికెళ్తే అక్కడికి."

వీరవేణి గుమ్మంలోంచి పక్కకి జరిగింది. తర్వాత లోపలికెళ్ళి దుప్పటీ, రెండు తలగడలు పట్టుకొచ్చింది.

ఏసురాజుకి ట్రక్కాటో ఉంది. పడవలకి ఫైబరు అతుకులేసే సామానంతా అందులోనే మోస్తాడు. "నాలుగ్రోజులు నా పని నీ పనేలే" అని తాళం ఇచ్చాడు. వెనకాల పరుపేసి పాపాయమ్మని కూర్చోబెట్టి, ఒళ్ళో బిళ్ళని బుట్టలో పెట్టారు. రాత్రిళ్ళు పేటలో ఆడాళ్ళు చీర ఉయ్యాల్లో వేసి వంతులవారీగా ఊపారు. పగలంతా బండే.

మొదటి రోజు మొగల్తూరు దాటి పేరుపాలెం సముద్రం దాకా వెళ్ళారు. ఇసకలో బండి దిగబడుతుందని ఉదయ్ భయపడుతుంటే, పాపాయమ్మ అలల్ని చూసి, "ఇంకా అలాగే కొట్టుకుంటోంది పిచ్చిది" అంది. రెండో రోజు ఇంజక్షనయ్యాక పాలకొల్లు చేపల బజారు చుట్టూ తిప్పాడు. నడుస్తున్న బండిలోంచే ఆవిడ ఒకామె గంపలోకి తొంగిచూసి, "మట్టగిడసలకి మొప్పలు నల్లబడ్డాయి, నిన్నటివి అమ్ముతున్నావేంటే?" అంది. ఆమె తిట్టడానికి తలెత్తి, "పాపాయమ్మత్తా! నువ్వు పోయావన్నారు కదా!" అని బండి వెనక పరిగెత్తింది. "పోతున్నానే, దార్లో ఉన్నా!" అని అరిచింది పాపాయమ్మ. క్షీరారామం గోపురం కనబడ్డంతసేపూ నవ్వుతూనే ఉంది.

మూడో రోజు నవ్వడానికి ఊపిరి చాల్లేదు. కాళ్ళు వాచాయి. అమ్మిరాజు గారు బండి పక్కన నడుస్తూనే బిళ్ళకి సూదేశారు. పగులు లోపల ఎండిందని, రంగు బాగుందని చెప్పారు. తర్వాత పాపాయమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూశారు. ఆ చెయ్యి మెల్లగా ఆవిడ ఒళ్ళో పెట్టేశారు.

"నేను గేదెని కాదులెండి బాబూ" అంది ఆవిడ. ఆయన నవ్వబోయి కళ్ళజోడు తుడుచుకున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఏసురాజు ఆటో వెనకెక్కాడు. ఫైబరు గుడ్డ సాసరంత కత్తిరించి, రెజిను జిగురు కలిపి, బిళ్ళ డిప్ప మీద బ్రష్షుతో అద్దాడు. "ఆపకురా. గుంటలు చూసుకో. పడవైతే ఊగదు, ఇదేంట్రా బాబూ." పని అయ్యాక బ్రష్షు తుడుచుకుంటూ చెప్పాడు. "మామూలుగా గంటలో బిగుస్తుంది. దీని సంగతి నాకు తెలీదు. గంటసేపు ఎక్కడా ఆగద్దు." అని నడుస్తున్న బండిలోంచే దిగిపోయాడు.

"రేవు దాటుదామా మామ్మా?"

పాపాయమ్మ తలూపింది. జనాన్నీ బళ్ళనీ అవతలికి చేర్చే పంటు మీద ఆటో ఎక్కించాడు. గోదావరి మీద అవతల సఖినేటిపల్లి దాకా. సగం దూరం వెళ్ళాక పంటు అడుగున ఏదో గీసుకుంది. నీళ్ళు తీసేశాయి. ఇసక తిప్ప మీద కూరుకుపోయింది.

"పోటొస్తేగానీ కదలదండి. అరగంట" అన్నాడు పంటు నడిపే సరంగు. ఇంజిను కట్టేశాడు.

అరగంట అయింది. పోటు రాలేదు. పంటు మీద జనం ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆవులించారు. ఎండ ఎర్రబడింది, ఎర్రబడి అలాగే ఉండిపోయింది. ఉదయ్ దిగి వెనక్కొచ్చి చూశాడు. ఆవిడ ఒళ్ళో బుట్ట కదలట్లేదు. డిప్ప మీద రెజిను వేలికి బంకలా అంటుకుంది. కానీ మామ్మ ఆయాసం తగ్గింది. బుగ్గలకి రంగొచ్చింది. రెండేళ్ళుగా మంచమ్మీద ఉన్నట్టే, హాయిగా ఉంది.

ఉదయ్ ఆవిడ పక్కన కూర్చున్నాడు. అరికాళ్ళు దురదపెట్టలేదు.

"మామ్మా, ఇక్కడే ఉందామా?"

"ఎంతసేపు?"

"ఉన్నంతసేపు."

పాపాయమ్మ వాడి మొహం చూసింది. నీళ్ళకేసి చూసింది. పంటు మీద ఒక పిల్ల తల్లి కాసేపట్నుంచి చంటిదానికి పాలిస్తూ ఉంది, ఆ చంటిదానికి కడుపు నిండట్లేదు.

"నీకు కూర్చోడం వచ్చేసిందిరా" అంది. "అది చూశాను, చాలు."

బుట్టలోంచి బిళ్ళని రెండు చేతుల్లోకి తీసుకుంది. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపడం మొదలెట్టింది. ఉదయ్ ఆ చేతుల్ని పట్టుకున్నాడు. ఆపడానికే పట్టుకున్నాడు. ఆవిడ ఆపలేదు. కాసేపటికి వాడి చేతులు కూడా వాటితో పాటే ఊగాయి.

ముందు ఎండ కదిలింది. తర్వాత పంటు కింద నీళ్ళు గలగలమన్నాయి. చంటిది పాలు చాలించి నిద్రపోయింది. "పోటొచ్చిందండోయ్!" అని సరంగు ఇంజిను వేశాడు.

సఖినేటిపల్లి రేవు దగ్గరపడుతుండగా ఉదయ్ డిప్ప మీద గోటితో కొట్టి చూశాడు. టక్‌మంది. పడవంత గట్టిగా ఉంది. బిళ్ళ మెడ బయటికి పెట్టి, ఎర్ర గీతల మీద ఎండ పడేలా తల తిప్పి చూసింది.

"బిగిసింది మామ్మా" అన్నాడు.

పాపాయమ్మ చేతులు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. కానీ అది పంటు ఊపు.