రెండు కాళ్ల మీదా మచ్చలు

సోమవారం పొద్దున్న మా అమ్మాయి పూజిత కడుపునొప్పి అంటే నేను నమ్మలేదు. ఆ రోజు దానికి లెక్కల పరీక్ష. ఎనిమిదేళ్ల పిల్లకి నొప్పి సరిగ్గా పరీక్ష రోజే ఎలా వస్తుంది? నా భార్య రమాకుమారి ఫ్రాకులు కుట్టే మెషిన్ పక్కన, మేకుకి చెక్క స్కేలు వేలాడుతుంటుంది. అది తీసి పిల్ల ఎడమ పిక్క మీద రెండు వేశాను. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ బెంగాల్లో, ఓడల డాక్‌లో సరుకు దించుతున్నాను. పని ఎగ్గొట్టేవాళ్ల సాకులు వినీ వినీ, ఎవరి మాటా నాకు ఎక్కదు.

బుధవారానికి వాంతులు, విరేచనంలో నెత్తురు. కాళ్ల నిండా ఊదారంగు మచ్చలు. కొన్ని కందిగింజంత, కొన్ని చింతగింజంత.

పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ అభిజిత్ బాబు ముందు మచ్చల్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కాస్త బయట ఉండమన్నాడు. తెర ఇవతల నిలబడ్డాను. బెంగాలీ నాకు బాగానే తెలుసు. నాన్న కొడతాడా అని పిల్లని అడుగుతున్నాడు.

కొట్టలేదంది పూజిత.

పక్కనే నిలబడ్డ రమాకుమారి నా వైపు చూడలేదు. "అది అబద్దమాడితే ఇలగుంటాది. సోమారం సెప్పింది అబద్దం కాదు. ఇప్పుడు సూసినావా?" అంది.

స్టెరాయిడ్ ఇవ్వాలి, సంతకం పెట్టమన్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. అలాంటి కాగితం నాకు ఉచ్చులాగే కనిపిస్తుంది. ఆ మందుతో ఎముకలు గుల్లవుతాయని డాక్‌లో నాతో పనిచేసే నరసింహం ఎప్పుడో చెప్పాడు. అంతకంటే పెద్ద అనుమానం ఇంకోటి పట్టుకుంది. మచ్చలు నా దెబ్బలవే అయితే, వీళ్లు లేని జబ్బుకి మందిస్తున్నట్టే కదా?

లోపలికి వెళ్లి చెప్పేశాను. నేనే కొట్టాను, స్కేలుతో.

ఏ కాలు అని అడిగాడు డాక్టర్. ఎడమది అన్నాను. దుప్పటి తీశాడు. కుడికాలి మీదా అన్నే మచ్చలు, పిరుదుల మీదా ఉన్నాయి. ఇదొక జబ్బట, సన్నటి రక్తనాళాలు వాచి నెత్తురు కారుతోందట. తోలు కింద ఎలాగో పేగు గోడల్లోనూ అలాగేనట. ఒక్కోసారి మచ్చల కంటే ముందే నొప్పి మొదలవుతుందట.

"మచ్చలు మీ దెబ్బలవి కావు దాదా," అన్నాడు, బెంగాలీలో అన్నా అన్నట్టు. "కానీ సోమవారం నాటి నొప్పి నిజమే."

సంతకం పెట్టాను.

ఈ జబ్బుతో ఒక్కోసారి పేగు పేగులోకి దూరుకుంటుందట. అలా కాలేదని స్కాన్‌లో చూసుకుని మందు మొదలుపెట్టారు. మూడో రోజుకి నొప్పి తగ్గింది. రెండు ముద్దలు తింది. పంపించేటప్పుడు, కిడ్నీలు దెబ్బతినలేదని చూసుకోవడానికి ఆరు నెలలు మూత్రం పరీక్ష చేయించమన్నారు. నొప్పి మళ్లీ రావచ్చు, వస్తే పిల్ల వెంటనే చెప్పాలి అన్నారు.

నెల దాటింది. రోజూ అడుగుతాను.

"కడుపులో నొప్పుందేటమ్మా?"

"నేదు నాన్నా."

చెప్పే ముందు దాని కళ్లు మెషిన్ పక్కకి వెళ్లి వస్తాయి. స్కేలు నేను విరిచి పారేశాను. మేకు ఇంకా ఉంది. నొప్పి లేదని పిల్ల అన్న ప్రతిసారీ, కంచంలో ఎంత మిగిల్చిందో చూస్తాను.