నేరుగా వెళ్ళే విమానం

పరాయి దేశంలో ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ యంత్రానికి దుప్పట్లు అందించే ఆమెకు పొద్దున్నే బావ ఫోను చేశాడు. చంకనెత్తుకు పెంచిన అక్క తెల్లారేసరికి పోయింది.

"ఎల్లుండి దాకా ఉంచుతాం అమ్మాయ్. నువ్వు చూడకుండా మట్టి చెయ్యడానికి నాకు చేతులు రావు," అన్నాడు బావ.

ఆమె ఏడవలేదు. చేతిలో దుప్పటి మడిచి పెట్టి సెలవుల గుమాస్తా గదికి వెళ్ళింది. వెనకే, యంత్రం అవతలి కొసన దుప్పట్లు అందుకునే తోడుమనిషి కూడా వచ్చింది. ఆ మనిషిని అందరూ టపాకాయ అంటారు. నిప్పు అక్కర్లేదు, గాలి తగిలితే చాలు.

గుమాస్తా చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు. కంప్యూటర్లో రెండు ఊళ్ళ పేర్లు కొట్టాడు.

"ఆరువేల తొమ్మిదివందల కిలోమీటర్లు. విమానంలో ఎనిమిది గంటల యాభై నిమిషాలు. రానూ పోనూ కలిపినా రోజు లోపే. దారికో రోజు, తోబుట్టువు చావుకో రోజు. రెండ్రోజులు రాస్తున్నానమ్మా."

"అలా నేరుగా వెళ్ళే విమానం లేదండీ. మూడు ఎక్కాలి. మధ్యలో ఒకచోట తొమ్మిది గంటలు, ఇంకోచోట పద్నాలుగు గంటలు కూర్చోవాలి. దిగాక బస్సులో ఏడు. పోవడానికే నలభైఒక్క గంటలు."

"ఇక్కడ ఎనిమిదీ యాభై అనే ఉంది కదమ్మా."

"ఉంటుందయ్యా, ఎందుకుండదు!" టపాకాయ పేలింది. "మ్యాపు మీద దారం పెట్టి లాగితే నేనూ చెబుతా. నీ కాకిలెక్కకి కాకి కూడా నవ్వుతుంది. ఆ విమానం ఏదో చూపించు, రెక్క పట్టుకునైనా వేలాడుతుంది!"

"రూలు అలా ఉంది. నేనేం చెయ్యను?"

ఆ రూలు రాసినవాడు జన్మలో బస్టాండులో కునుకు తీసి ఉండడు. రెండ్రోజులు దాటితే పనివాళ్ళ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. పేరుతో పాటు హాస్టల్లో మంచం పోతుంది, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితమూ పోతుంది.

"ఆ సెలవు కాగితం మీద సంతకం పెట్టకు. అందరం యంత్రాలు ఆపేద్దాం," అంది టపాకాయ.

"ఆపితే ఎల్లుండికి చేరతానా వదినా?"

ఆమె సెలవు కాగితం గుమాస్తాకే తిరిగిచ్చేసింది.

ఆమె బావకి ఫోను చేసింది. "నాకోసం ఉంచొద్దు బావా. రేపు మీకు రెండున్నరకి కానివ్వండి. ఇక్కడ పదకొండవుతుంది, పావుగంట టీకి వదుల్తారు. ఫోన్లో చూస్తా." పళ్ళ డాక్టరు దగ్గర వేళ ఖాయం చేసుకుంటున్నట్టు మాట్లాడింది.

మర్నాడు పదకొండుకి, మాసిన బట్టల మూటల పక్కన నిలబడి ఫోను పట్టుకుంది. బావ ముఖం కనిపించింది, వెనక జనం కనిపించారు.

"అక్కని చూపించు బావా."

"పెట్టె మూత వేసేశారమ్మాయ్. పెద్దమ్మ బస్సు ఇంకా రాలేదు. ఆవిడ వచ్చాక తీస్తారట. పది నిమిషాలే."

పది నిమిషాలయ్యాయి. పదిహేనయ్యాయి. పెద్దమ్మ రాలేదు. ఇక్కడ గంట కొట్టారు.

"సరే, మీరు కానివ్వండి," అని ఫోను జేబులో వేసుకుంది.

"నువ్వు ఫోను చూసుకోవే, ఇక్కడి పని నేను లాక్కొస్తా," అంది టపాకాయ. కానీ ఆ యంత్రానికి ఈ కొసనొకరు, ఆ కొసనొకరు ఉండాల్సిందే. ఆమె ఒక దుప్పటి దులిపి అందించింది. తర్వాత ఇంకొకటి. మధ్యాహ్నం దాకా అందిస్తూనే ఉంది. అందులో ఏ దుప్పటి మీద చేతులుండగా అక్క మీద మట్టి పడిందో ఆమెకు తెలియలేదు.