అద్దం మీద బూడిద

మూడు వారాల పాటు ఓడను చెరిగి పోసిన దక్షిణ సముద్రం ఆ మధ్యాహ్నం ఊపిరి బిగబట్టింది. ఆస్ట్రేలియాలోని హోబార్ట్ రేవు నుంచి వచ్చిన నావికులంతా సంబరపడ్డారు. ఓడలోని నీటి విమానానికి మెకానిక్ అయిన క్లారీ ఒళ్ళు మరిచి ఈల వేశాడు.

"నోరు ముయ్యరా! ఓడ మీద ఈలేస్తే గాలి లేస్తుందని తెలీదూ?" వంటవాడు పాస్కో గరిటె ఎత్తాడు.

"నీ సూపు కంటే గాలే నయం, పెద్దాయనా."

మంచుకొండలు నీళ్ళలో తలకిందులుగా నిలబడ్డాయి. ఏది కొండో, ఏది నీడో తెలియడం లేదు. అలాంటి అందాన్ని క్లారీ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చూస్తూ ఉండగానే చప్పున ఆకాశం వైపు తలెత్తాడు.

పొద్దున తీరం ఫొటోలు తీయడానికి లెఫ్టినెంట్ రస్క్ ఆ విమానం నడుపుకుంటూ వెళ్ళాడు. ఇంత నున్నటి నీటి మీద దిగేవాడికి నీరెక్కడుందో కనబడదు. ఇంకా ఎత్తులోనే ఉన్నాననుకుంటూ గుద్దుకుంటాడు. ఓడ ఒక్క చుట్టు తిరిగితే అలలు లేచి నీరు కనబడేది. కానీ మూడు పక్కలా మంచు పలకలు బిగిసి అది కదలడం లేదు; నాలుగో పక్కనే ఈ నున్నటి నీరు.

రేడియోలో రస్క్ గొంతు వినిపించింది. "పెట్రోలు పావుగంటకే ఉంది. కింద నీళ్ళు లేవు. రెండు ఆకాశాలున్నాయంతే."

"పెద్దాయనా, పొయ్యి బూడిద ఉందా?"

"మూడు బస్తాలు. ఎందుకురా?"

"నీళ్ళెక్కడున్నాయో ఆయనకి కనబడాలి. పడవలో వెయ్యి. నువ్వూ దిగు!"

క్లారీ తెడ్లతో నీళ్ళను బాదుతూ పోయాడు. వెనక పాస్కో దోసిళ్ళతో బూడిద చల్లాడు. అద్దం మీద బూడిద చార సాగింది. ఇంజను మోత దగ్గరయింది. ఉన్నట్టుండి పాస్కో పెదవులు సున్నా చుట్టి ఈల అందుకున్నాడు.

"ఏం చూస్తావ్? తెడ్డెయ్యి!"

పైనుంచి విమానం దిగుతోంది. నీటి అడుగు నుంచి ఇంకో విమానం దానికి ఎదురు లేచి వస్తోంది. బూడిద చార దగ్గర రెండూ ఒక్కటయ్యాయి. నీళ్ళు తెల్లగా ఎగిరిపడి, పడవ ఒరిగి, నిలదొక్కుకుంది.

రస్క్ తలుపు తీసి, తడబడుతూ విమానం కింద నీటి మీద తేలే తెప్పకాలి మీదికి దిగాడు. "ఆ బూడిద ఎవరిదయ్యా?"

"నాదే సార్. సూపు మాత్రం బాగాలేదంటారు వీళ్ళు."

అలలు పాకి కొండలను ముక్కలు చేశాయి. తరవాత ఒక్కో ముక్కా మెల్లగా అతుక్కుని, కొండలు మళ్ళీ తలకిందులుగా నిలిచాయి. ముగ్గురూ అటే చూస్తున్నారు.

"ఈల ఆపేశావేం, పెద్దాయనా?" చివరికి క్లారీ గుసగుసగా అడిగాడు.

"చాల్లేరా. గాలి లేస్తే ఇదంతా చెదిరిపోదూ?"